మేడెక్కి దిగిన నీళ్ల క్యాను

ఆ ఆదివారం పొద్దున నిరోష అనుకున్న పనులు చాలా చిన్నవి. ముందు మొగుడికి సూది, తర్వాత తనకు అల్లం చాయ్, ఆ తర్వాత మొగుడికి నీళ్ల క్యాన్లు, చివర ఇద్దరికీ ఉడికించిన గుడ్లు. దేవరకొండలో కాపురానికి వచ్చి ఇంకా పెళ్లిచీరల మడతలైనా నలగలేదు. ఇంత చిన్న ఏర్పాటు కూడా ఆమెకు పండుగలాగే ఉంది.

మొగుడు పరమేష్‌కు బస్టాండు దగ్గర విత్తనాల దుకాణం. రోజంతా గల్లా దగ్గర కూర్చుని కూర్చుని, పెళ్లికి కుట్టించుకున్న షేర్వాణీ పెళ్లిరోజుకే బిగుతైపోయింది. నల్లగొండలో డాక్టరు వారానికొక ఇంజెక్షన్ రాసి, దానికో షరతు పెట్టాడు. ఈ మందుతో ఆకలి తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది. కానీ ఊరికే కూర్చుంటే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. కాబట్టి బరువులు ఎత్తాలి, పప్పూ గుడ్లూ తినాలి. జిమ్ముకు పోవడానికి పరమేష్ ఒప్పుకోలేదు. అక్కడికొచ్చే పిల్లల నాయినలంతా అతని దగ్గర పత్తి విత్తనాలు కొనేవాళ్లే. మేడకు మెట్లున్నాయి, తాగే నీళ్ల క్యాన్లున్నాయి, ఇంకేం కావాలని నిరోషే ఉపాయం చెప్పింది.

సూది సంగతి మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియకూడదన్నాడు. సూది అనగానే షుగరు రోగమని బజారంతా ఖాయం చేస్తుందని అతని భయం. "నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి," అన్నాడు. వేసింది. కొబ్బరినూనె వాసన బాగుందని ఆ చెయ్యి ఇంకాసేపు అక్కడే ఉంచింది కూడా. సూది డబ్బా ఫ్రిజ్‌లో కరివేపాకు వెనక చేరింది. చల్లటివి తాకితే కీళ్లు పట్టేస్తాయని అత్త సావిత్రమ్మ ఫ్రిజ్ జోలికే పోదు.

అనుకున్నట్టే సూది అయింది, చాయ్ కాగింది. పరమేష్ నిండు క్యాను భుజానికెత్తుకుని మేడ ఎక్కాడు. అదే నిండు క్యానుతో దిగాడు. మళ్లీ ఎక్కాడు. నిరోష కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చాయ్ గ్లాసు పట్టుకుని, అతను దిగినప్పుడల్లా "ఇంకొకటి" అంటోంది. అతని చేతుల్లో కొత్తగా తేలుతున్న కండ చూస్తుంటే, చాయ్‌లో చక్కెర వేయడం మరిచిపోయిన సంగతి కూడా ఆమెకు తెలియలేదు.

ఎదురింటి గోవిందమ్మ తన మేడ మీద వడియాలు పెడుతూ ఇదంతా చూసింది. నీళ్లు పైకి మోయిస్తే ఏదో అవసరం అనుకోవచ్చు. పైకి మోసిన నీళ్లను చుక్కయినా ఒంపకుండా కిందికి మోయిస్తే ఏమనుకోవాలి? ఆమె పిండిచేతులతోనే వెనక గుమ్మంలోంచి వచ్చి సావిత్రమ్మను పట్టుకుంది.

"సావిత్రక్కా, నీ కోడలు కుర్సీల కూసొని నీ కొడుకును మెట్ల మీద తిప్పుతాంది. నిండిన క్యాను తీస్కపోతడు, నిండిన క్యానే తెస్తడు. పోరడు ఎందుకని అడుగుతలేడక్కా."

సావిత్రమ్మకు అప్పటికే అనుమానాలున్నాయి. ఏది వండినా రెండోసారి అడిగి తినే కొడుకు, ఈ మధ్య నాలుగు ముద్దలకే కంచం జరుపుతున్నాడు. జరిపీ జరపకముందే కోడలు కంచం తీసేస్తోంది. మిగిలిన కూర కూడా ఆమే తింటోంది. కొడుకు ప్యాంటు బెల్టు లేకుండా నిలవడం లేదు. తేల్చుకుందామని ఆ మధ్యాహ్నం సావిత్రమ్మ బగారన్నం, నాటుకోడి కూర వండి, కొడుకు పక్కనే కూర్చుని తానే వడ్డించింది. తల్లికి వద్దని చెప్పలేక పరమేష్ కంచం ఖాళీ చేశాడు. కడుపు మాత్రం వద్దనే చెప్పింది. కాసేపటికే పెరట్లోకి పరుగెత్తి తిన్నదంతా కక్కేశాడు. నిరోష వెనకే పోయి వీపు నిమురుతూ మెల్లగా మందలించింది.

"నేను చెప్పినంతనే తినమన్న గద."

ఆ ఒక్కమాటే సావిత్రమ్మ చెవిన పడింది. ఇక ఆమెకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. మొగుణ్ని గుప్పిట్లో పెట్టుకోవడానికి పెళ్లాం అన్నంలోనో మజ్జిగలోనో కలిపి పెట్టేదాన్ని మరుగుమందు అంటారు. అది పడ్డవాడికి తిండి సహించదట, ఎదురు మాట రాదట, చెప్పిన పనల్లా చేస్తాడట. పరమేష్‌లో మూడూ కనిపిస్తున్నాయి. అమ్రాబాద్ దిక్కు నర్సింగమ్మ పసరు పోసి మరుగుమందు కక్కిస్తుందని పేరు. ఆమె కూతురింటికి వచ్చి ఊళ్లోనే ఉందని గోవిందమ్మకు తెలుసు. ఫోన్ చేస్తే పొద్దు గూకకముందే ఆటోలో దిగింది.

నర్సింగమ్మ భారీ మనిషి. గడప ముందున్న రెండు మెట్లెక్కి కాసేపు ఆయాసం తీర్చుకుంది. తర్వాత పరమేష్‌ను చాప మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసింది.

"పడ్డదమ్మా. సల్లల కలిపి పెట్టిన్రు."

నిరోషకు ఒళ్లు మండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె మజ్జిగ చేసింది లేదు. ఆ వాసనే ఆమెకు గిట్టదు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివింది మజ్జిగలో మందు కలపడానికా? కనీసం చాయ్‌లో కలిపిందన్నా ఇంత బాధ ఉండేది కాదు.

సావిత్రమ్మ కోడలి మొహం చూడకుండా గోడతో మాట్లాడినట్టు చెప్పింది. "మందు కక్కిస్తం, సరే. నమ్మకం యాడికెళ్లి తెస్తం? వీళ్ల అమ్మానాయినలకు ఫోన్ చేస్త. వచ్చి బిడ్డను తోల్కపోతరు."

నిరోష చాప వైపు చూసింది. ఒట్టు వేసింది తను, వేయించుకుంది అతను. అతను ఒక్కమాట అంటే ఇదంతా తేలిపోతుంది. పరమేష్ తిరుగుతున్న ఫ్యాను వైపు శ్రద్ధగా చూస్తున్నాడు. గోవిందమ్మ మీద, నర్సింగమ్మ మీద, ముట్టని మజ్జిగ మీద ఆమెకున్న కోపమంతా కలిసి ఆ చాప మీదికి తిరిగింది. అంతలో నర్సింగమ్మ పచ్చటి పసరు గ్లాసు అందించింది. పరమేష్ లేచి కూర్చుని గ్లాసు అందుకుని నోరు తెరిచాడు. సూది గుట్టు బయటపడకుండా ఉండటానికి పసరు తాగడానికైనా సిద్ధం, పెళ్లాన్ని పుట్టింటికి పంపడానికైనా సిద్ధం!

నిరోష విసురుగా పోయి ఫ్రిజ్ తెరిచి, కరివేపాకు పక్కకు జరిపి, సూది డబ్బా తెచ్చి అతని ఒడిలో పెట్టింది.

"నీ నెత్తి మీద ఒట్టేసిన కాబట్టి నేను చెప్ప. చెప్పాల్సింది నువ్వు. ఆ గ్లాసు తాగినవంటే మావోళ్లు వచ్చేదాక గూడ ఆగ. నేనే బస్సెక్కుత."

పరమేష్ గ్లాసు కింద పెట్టాడు. డాక్టరు, ఆకలి తగ్గించే సూది, కరిగే కండ, దాన్ని నిలబెట్టే క్యాన్లు, అన్నీ తలొంచుకుని చెప్పాడు. "షుగర్ లేదమ్మా. ఎవ్వరికీ చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్న. ఆమె తప్పేం లేదు."

సావిత్రమ్మ చల్లటి డబ్బాను కొంగుతో పట్టుకుని చూసి, మళ్లీ కొడుకు ఒడిలోనే పెట్టింది.

"ముందుగాల చెప్తే కోడికూరన్న మిగులుతుండె గద," అంది. గ్లాసులోని పసరు పెరట్లో పారబోసి, వంటింట్లోకి పోయి కోడలికి తానే అల్లం చాయ్ పెట్టి తెచ్చింది. క్షమించమని అనలేదు కానీ చక్కెర రెండింతలు వేసింది. నిరోష కోపం సగం దిగింది. మిగతా సగం పరమేష్ కోసం అట్టే పెట్టింది.

పోయేముందు నర్సింగమ్మ నిరోషను గుమ్మం పక్కకు పిలిచి గొంతు తగ్గించింది. "బిడ్డా, గా డాక్టరు నాకు గూడ రాస్తడా గా సూది? మోకాళ్లు మస్తు నొస్తున్నయి."

"నిన్ను చూసినంక డాక్టరే చెప్పాలె పెద్దమ్మా. రాస్తే మాత్రం క్యాన్లు మొయ్యాలె."

మరుసటి ఆదివారం పొద్దున పరమేష్ నిండు క్యానుతో మేడ ఎక్కుతుంటే కింద ప్లాస్టిక్ కుర్చీలు రెండున్నాయి. ఒకదాంట్లో నిరోష, రెండోదాంట్లో కోడలు పెట్టిచ్చిన చాయ్ గ్లాసుతో సావిత్రమ్మ. కొడుకు దిగినప్పుడల్లా "ఇంకొకటి" అంటున్నది ఈసారి ఆమే. మధ్యమధ్యలో కోడలి వైపు తిరిగి, "సాలా బిడ్డా, ఇంకా మొయ్యాల్నా?" అని అడుగుతోంది.

ఎదురు మేడ మీద గోవిందమ్మ వడియాల చాట దించి నిలబడిపోయింది. మధ్యాహ్నానికల్లా బజారంతా తెలిసిపోయింది, నిరోష అత్తకు కూడా పెట్టిందట, ఈసారి చాయ్‌లోనట.