తాంబాళం అంచు మీది పేరు

ఆ ఉదయం పంకజాక్షి వేసుకున్న పథకం చాలా చిన్నది. తిరుపతిలో తొలి బస్సు ఎక్కాలి, నగరిలో ధనశేఖర్ గారి గృహప్రవేశానికి వెళ్లాలి, కొత్తగా కొన్న వెండి కుంకుమ భరిణె వాళ్ల చేతిలో పెట్టాలి, భోంచేసి రావాలి. ధనశేఖర్ కూతురు రూపశ్రీని తన కొడుకు యువరాజ్‌కు అడిగారు. చూపులయ్యాయి. పిల్లలిద్దరికీ నచ్చింది. గృహప్రవేశం నాడు మాట చెప్తామన్నారు ఆడపెళ్లివారు. "అమ్మా, నాయన్ని కాస్త సూసుకో" అని యువరాజ్ పొద్దున్నే ఫోన్ చేసి మరీ చెప్పాడు. పెళ్లయిన నాటి నుంచీ ఆమె చేస్తున్న ఉద్యోగం అదే. అందులో సెలవులు లేవు.

ఆమె భర్త దొరస్వామికి తాగుడు లేదు, పేకాట లేదు. పాతసామాన్ల అంగడి కనబడితే మాత్రం కాలు ముందుకు పడదు. అక్కడ దొరికినదాన్ని తోమి, తుడిచి, ఎవరికో ఒకరికి కానుకగా ఇచ్చేదాకా ఆయనకు నిద్ర పట్టదు. ఇచ్చేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోతుంది. పుచ్చుకునేవాళ్ల ముఖాలు చూడవలసిన పని మాత్రం పంకజాక్షిది. పుంగనూరు సంబంధం వాళ్లకు నడవని గోడగడియారం ఒకటి ఇచ్చి వచ్చాక, ఆ సంబంధమూ నడవలేదు.

పెరట్లోకి వచ్చి చూస్తే, ఆయన చింతపండుతో పెద్ద ఇత్తడి తాంబాళం తోముతున్నాడు.

"ఏంది మీరు చేసేది?"

"సూడు పంకజా, ఎట్లా మెరస్తా ఉండాదో. చూపులకు పోయినప్పుడు నగరి బస్టాండు కాడ దొరికినాది. నువ్వు కాఫీ తాగతా ఉంటివే, అప్పుడు."

"అంచు మీద ఏందో రాసుండాదే."

"అరవం. పెద్దోళ్ల దీవెన అని చెప్పినాడులే అంగడాయన."

"భరిణె కొనిపెట్టినాను కదా."

"భరిణె ఎవురైనా ఇస్తారు. ఇది నాలుగు చేతులు మారినాది, నాలుగు ఇండ్లు సూసినాది. ఇట్లాంటిది ఇస్తే వాళ్లింట్లో మన మనిషి ఒకరు ఉన్నట్టు."

ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్లలో నిజమైన సంతోషం ఉంది. దానితో వాదించే ఓపిక పంకజాక్షికి ఎప్పుడో అయిపోయింది. తాంబాళాన్ని సంచి అడుగున పెట్టి, భరిణెను పైన పెట్టింది. బస్సు పుత్తూరు చేరేలోపు ఆమెకు కునుకు పట్టింది. ఆ కునుకులో భరిణె అడుక్కి పోయింది, తాంబాళం పైకొచ్చింది.

ధనశేఖర్ కొత్త ఇంటి పక్కనే ఆయన మరమగ్గాల షెడ్డు. ఇంట్లో శుభకార్యమైనా మగ్గాలు నడుస్తూనే ఉన్నాయి. వాటి చప్పుడు మీద గొంతు పెంచి మాట్లాడుకోవడం అక్కడివాళ్లకు అలవాటే. మగ్గాలు ఆగాయంటే కరెంటైనా పోయుండాలి, మనిషైనా పోయుండాలి.

గుమ్మంలోనే దొరస్వామి తాంబాళం తీసి ధనశేఖర్ భార్య లోకేశ్వరి చేతిలో పెట్టాడు. దాన్ని చూడగానే ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. పాతదని కనిపెట్టేసిందనుకుంది పంకజాక్షి. పక్కనే ఉన్న లోకేశ్వరి తమ్ముడు మునీంద్ర, మర్యాదకు తాంబాళం అందుకుని అంచు చదివాడు.

"కీర్తిశేషులు... దొరస్వామి... పదహారో నాటి జ్ఞాపకం." తలెత్తాడు. "అన్నా, తమరి పేరేమంటిరి?"

"దొరస్వామే. దాంట్లో నా పేరు ఉండాదా? సూస్తివా పంకజా, మనకోసమే చేసినట్టుండాది."

పదహారో నాడు చేసే పెద్దకర్మలో, పోయినవాళ్ల పేరు చెక్కించిన పాత్రలు బంధువులకు పంచడం అక్కడి ఆనవాయితీ. ప్రతి ఇంట్లోనూ ఒకటో రెండో ఉంటాయి గానీ, శుభకార్యానికి ఎవరూ బయటికి తీయరు. తన పెద్దకర్మ పాత్రను తానే మోసుకొచ్చి చదివించిన మనిషిని నగరి అంతవరకు చూడలేదు.

హాల్లో "పెండ్లికొడుకు నాయన పేరుతో పదహారో నాటి తాంబాళం" అన్న మాట, వంటింటికి వెళ్లేసరికి "పెండ్లికొడుకు నాయన పోయినాడంట" అయింది. పెరడు దాటి షెడ్డుకు చేరింది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వంటాయన పాయసం కింద మంట తీసేశాడు. వంటింట్లోంచి వచ్చిన ఇద్దరు పెద్ద ముత్తయిదువులు పంకజాక్షికి చెరోపక్క చేరి చేతులు పట్టుకున్నారు.

"ధైర్యంగా ఉండాల తల్లీ. ఇన్నేండ్లు ఆయనతో ఎట్లా నెట్టుకొచ్చినావో ఏమో."

ఇన్నేళ్లలో తన కష్టాన్ని ఇంత సూటిగా ఎవరూ గుర్తించలేదు. పంకజాక్షికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి వాళ్లూ ఏడ్చారు.

ఇంతలో షెడ్డు మేస్త్రి గంగులప్ప బంతిపూల దండ పట్టుకుని వచ్చాడు. "దొరస్వామి పెద్దాయన్ని యాడ పెట్టినారప్పా?" అని మెల్లగా అడిగాడు. ధనశేఖర్ దొరస్వామి వైపు వేలు చూపించాడు. చేతిలో దండ, ఎదురుగా నిలబడి నవ్వుతున్న మనిషి, రెండింటికీ పొంతన కుదరక గంగులప్ప ఆగిపోయాడు. వియ్యంకుడి ఇంట ఇంత మర్యాద ఉంటుందనుకోని దొరస్వామి, తానే ముందుకొచ్చి మెడ వంచాడు.

"ఏమీ అనుకోవద్దు వదినా" అన్నాడు ధనశేఖర్, పంకజాక్షిని పక్కకు పిలిచి. "మంచిపూట ఇట్లా అపశకునం జరిగినాక, పిల్లల సంగతి ఈ దినం ఎత్తుకోలేము."

తలుపు చాటున రూపశ్రీ తల దించుకుంది. యువరాజ్‌కు ఏమని చెప్పాలో పంకజాక్షికి తోచలేదు. భర్త మీద కోపం కూడా రాలేదు. కోపానికీ కాస్త బలం కావాలి.

"మగ్గాలెందుకు ఆపినార్రా?" అంటూ లోపలి గదిలోంచి ధనశేఖర్ తల్లి చంద్రకాంతమ్మ వచ్చింది. తాంబాళాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, వేలితో అక్షరాలు తడిమింది.

"మా అన్న" అంది. "తిరుత్తణి దొరస్వామన్న. ఆయన కర్మకు పంచిన తాంబాళం ఇది. నాకిచ్చినదాన్ని దొంగలెత్తుకపోయినారని కోడలు చెప్పినాది. ఇది మీకెట్లా వచ్చినాదమ్మా?"

లోకేశ్వరి పంకజాక్షి వైపు చూసింది. ఆ చూపు పంకజాక్షికి బాగా తెలుసు. దొరస్వామి తెచ్చినవాటిలో సగం తాను చాటుగా పాతసామాన్లవాడికి వేస్తూ దొరికిపోయినప్పుడల్లా చూసేది అలాగే. దొంగ ఎవరో ఆమెకు అర్థమైపోయింది.

"అదామ్మా, మీ ఊరి బస్టాండు కాడ పాత..." అని మొదలుపెట్టాడు దొరస్వామి.

పంకజాక్షి ఆయన కాలు తొక్కింది. "మా పిన్నమ్మది తిరుత్తణేనమ్మా. ఆమె ఇచ్చినాది."

"అట్లయితే మీరు మావాళ్లే కదా. ఇన్నాళ్లూ చెప్పలేదేమి?" చంద్రకాంతమ్మ తాంబాళాన్ని గుండెకు ఆనించుకుంది. "మా అన్న ఉండుంటే కొత్తింటికి ముందు ఆయనే వచ్చుండునే అని పొద్దున్నించీ ఏడస్తా ఉండాను. వచ్చినాడు. లోకేశ్వరీ, ఆకు వక్కలు దీంట్లోనే పెట్టు. పిల్లనిస్తామని మా అన్న ముందరే చెప్పేస్తాం."

అత్తగారి మాటకు లోకేశ్వరి అంత వేగంగా కదలడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. తాంబూలాలు మారాయి. మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. మన మనిషి ఒకరు ఉన్నట్టే కదా అన్నట్టు దొరస్వామి భార్య వంక చూశాడు.

సాగనంపేటప్పుడు లోకేశ్వరి పంకజాక్షి చేతిలో బరువైన సంచి ఒకటి పెట్టి, చెవిలో చెప్పింది. "మా అటక మీద ఉన్నింది వదినా. అన్నకు ఇట్లాంటివంటే ఇష్టం కదా."

తిరుగు బస్సులో దొరస్వామి, మెడలో ఇంకా బంతిపూల దండతోనే, సంచి విప్పాడు. లోపల పాత ఇత్తడి దీపపు కుంది ఉంది. "ఎంత పనితనమో సూడు పంకజా" అన్నాడు మురిసిపోతూ. "వచ్చే నెల మా చెల్లెలు మోహన కూతురి సీమంతం ఉండాది కదా."

కుంది అడుగున తమిళ అక్షరాలు కనిపిస్తున్నాయి. పంకజాక్షి సంచి అడుగు నుంచి భరిణెను తీసి కొంగున ముడి వేసుకుంది, తిరుపతి వచ్చేదాకా నిద్రపోలేదు.