శవం పాత్రలో జీవించిన కుందేలు

ఒక పెద్ద అడవిలో జంతువులన్నిటికీ కలిపి ఒకే ఒక్క టీవీ ఉండేది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందని అడక్కండి, ఉందంటే ఉందంతే. ప్రతి శుక్రవారం సాయంత్రం దాన్ని నల్లరాతి గుట్ట మీద పెట్టేవారు. అడవంతా కింద చేరి చూసేది. రికార్డింగులూ గట్రా ఏమీ లేవు. వాగు అవతల కెమెరా పెట్టి తీస్తుంటే వాగు ఇవతల బొమ్మ కనబడేది.

ఆ టీవీ కోసం సింహం ఒక చట్టం చేసింది. సీరియల్లో వేషం కట్టినవాళ్ళని ఆ సీరియల్ అయిపోయేదాకా ఎవరూ తినకూడదు. చట్టం ఊరికే పుట్టలేదు. అంతకుముందు వచ్చిన ప్రేమకథలో హీరోయిన్ లేడిని మూడోవారమే మొసలి మింగేసింది. పాపం హీరో దుప్పి మరో పదకొండు వారాలు ఒక్కడే యుగళగీతాలు పాడుకున్నాడు.

చెవులపాటి పానకాలు అనే కుందేలు ఈ చట్టం సంగతి విని వేషానికి పరిగెత్తాడు. నటన మీద మోజు కాదు, ప్రాణం మీద తీపి. అప్పటికి మిగిలింది శవం వేషం. అదే మహాప్రసాదం అనుకున్నాడు.

సీరియల్ పేరు 'మంచు మీద మచ్చ'. హత్య, పరిశోధన, మిస్టరీ. తీసేది తాపీశ్వర్రావు అనే దేవాంగపిల్లి. దేవాంగపిల్లి ఈ కొమ్మ మీంచి ఆ కొమ్మకి వెళ్ళేసరికి ఆ కొమ్మ పూత పూసి కాయ కాస్తుంది. అలాంటివాడి చేతికి కెమెరా ఇచ్చారు. పైగా డిటెక్టివ్ వేషం కొంగకిచ్చారు.

మొదటివారం మంచు పట్టిన గడ్డిలో పానకాలు చచ్చిపడి ఉన్నాడు. కొంగ ఒంటికాలి మీద నిలబడి చూసింది. రెండోవారం కాలు మార్చింది. మూడోవారం చెట్టు మీంచి ఒక ఆకు రాలింది. అది నేలకి చేరేలోపు టైమైపోయింది.

"ఇంతకీ చంపిందెవర్రా?" అనడిగింది ఎలుగుబంటి సూరమ్మ పిన్ని.

"ఆకు కిందపడ్డాక చెప్తారేమో పిన్నీ," అంది కోతి.

సింహం అరమైలు వినబడేలా ఆవులించింది. "వచ్చేవారం కూడా ఇదే వరసైతే ఆపేయండి. కుస్తీ పోటీలు పెట్టుకుందాం."

ఆ మాట చెవినబడగానే పానకాలుకి చిరుత గుర్తొచ్చింది. మూడు వారాలుగా చిరుత ముందునుంచే "ఏం బావా, బాగున్నావా?" అంటూ షికారు కొడుతున్నాడు. చిరుత ప్రతిరోజూ లొట్టలేస్తూ రోజులు లెక్కపెట్టుకుంటోంది. సీరియల్ ఆగిందంటే ఆ సాయంత్రమే పానకాలు పలహారం.

రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే నక్క జంబుకేశం దగ్గరికి వెళ్ళాడు. జంబుకేశం టేకాకుల మీద సమీక్షలు రాస్తాడు. అవి కోతి గుట్టెక్కి చదువుతుంది. ఆయన బాగుందంటే అడవికి బాగున్నట్టు.

"అయ్యా, ఒక్క మాట. మా సీరియల్ ఈ అడవిలో ఒక్కరికే అర్థమైందట. మిగతావాళ్ళంతా గాడిదలని మా డైరెక్టర్ గారు బాధపడుతున్నారు."

నక్క తోక సర్దుకుంది. "ఎవరట ఆ ఒక్కరు?"

"పేరు చెప్పలేదండి. మంచి తోక ఉన్న మనిషి అన్నారు."

"నాకు మొదటివారమే అర్థమైంది," అన్నాడు జంబుకేశం. "మీరెవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు."

మర్నాడు కోతి సమీక్ష చదివింది. "ఇందులో ఏమీ జరగదు, అందుకే అన్నీ జరుగుతాయి. కొంగ మార్చింది కాలు కాదు, కాలాన్ని. ఇది అర్థం కానివాళ్ళు గడ్డి మేయవచ్చు."

"మేం ఎలాగూ గడ్డే కదా మేస్తాం," అని జింకలు కాస్త నొచ్చుకున్నాయి. కానీ పైకి అనలేదు.

నాలుగోవారం గుట్ట కింద చోటు చాల్లేదు. ఆకు నేల మీద పడింది. "ఆహా, ఎంత లోతు!" అంది అడవిపంది. "లోతంటే అదీ లోతు!" అంది ముళ్ళపంది. ఇద్దరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది మాత్రం అడవిగాడిద.

"లోతు సరే, చంపిందెవరు?" అంది సూరమ్మ పిన్ని.

"ఉష్!" అన్నారందరూ.

అలా ఎనిమిది వారాలు దొర్లాయి. పానకాలుకి ప్రాణభయం పోయింది. భయం పోయిన చోట ఊరికే ఉంటుందా, కీర్తికండూతి వచ్చి కూర్చుంది. నక్క కొంగని మెచ్చుకుంది, మంచుని మెచ్చుకుంది, ఆకుని కూడా మెచ్చుకుంది. వీపు మీద చీమలు బారులు తీరినా చెవి ఆడించకుండా పడుకున్న తన ఊసే లేదు. అందుకు పానకాలుకి నిజంగా బాధేసింది.

"అయ్యా, ఆకుపాటి చెయ్యనా నేను?" అన్నాడు జంబుకేశంతో. "నా గురించి ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోయింది?"

"దాందేముంది, రాస్తాలే," అంది నక్క. పొగడ్తలకి ఆలోచన అక్కర్లేదు కదా, చేతికొచ్చిన ముక్క ఒకటి రాసి పడేసింది. కోతి దాన్ని గుట్టెక్కి గొంతెత్తి చదివింది.

"శవం పాత్రలో పానకాలు జీవించాడు!"

సింహం దిగ్గున లేచి కూర్చుంది. "ఏం చేశాడూ?"

"జీవించాడు ప్రభూ!"

"ఎంత మోసం! ఎనిమిది వారాలుగా మనం శవం అనుకుంటున్నది బతికే ఉందా?"

"చిత్తం, అది మాటవరసకి ప్రభూ, మెచ్చుకోలు," అంది కోతి.

"ఏం మెచ్చుకోలు? సింహం వేషంలో మ్యావుమన్నాడంటే అదీ మెచ్చుకోలు అంటారా? శవం పాత్రలో చావాలి గానీ జీవించడమేమిటి? వచ్చే శుక్రవారం చావాల్సిందే. మోసం కనిపెట్టిన నక్కే హంతకుడి వేషం కట్టి చంపాలి."

"మరి చట్టం..." అని నసిగింది సూరమ్మ పిన్ని.

"తినకూడదన్నాను గానీ చంపకూడదన్నానా? తినడం సీరియల్ అయ్యాక."

పానకాలు ఏడ్చుకుంటూ తాపీశ్వర్రావు దగ్గరికి పరిగెత్తాడు. "నన్ను చంపేస్తారటండీ!"

తాపీశ్వర్రావు చాలాసేపు కళ్ళార్పాడు. "మంచిదే... కానీ... హంతకుడి నడక... ముప్పావుగంట... ఉండాలి."

శుక్రవారం వచ్చింది. పానకాలు మంచులో పడుకున్నాడు. ఈసారి కదలకుండా ఉండటానికి నటన అక్కర్లేదు, భయంతో నిజంగానే బిగుసుకుపోయాడు. ఇరవై అడుగుల దూరంలో నక్క కాలెత్తింది.

"నిదానం..." అన్నాడు తాపీశ్వర్రావు. "ఇంకా... నిదానం..."

నక్కకి ఒక్క దూకుతో పని ముగించాలనే ఉంది. కానీ ఈ నిదానాన్నే మెచ్చుకుంటూ అయిదు టేకాకులు నింపాడాయె, ఇప్పుడేమని కాదంటాడు? కెమెరా ఆయన కాలి మీద ఉంది. కాలు గాల్లో ఉంది. చల్లటి మంచు, మెల్లటి వేణువు. నాలుగో అడుగుకి జంబుకేశం నిలబడే నిద్రలోకి జారాడు. వాగు ఇవతల సింహం గురక, దానికి తాళంగా సూరమ్మ పిన్ని గురక.

పానకాలు ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోది. తర్వాత ఒకే పరుగు. ఆ సీరియల్ మొత్తంలో వేగంగా జరిగింది అదొక్కటే.

తాపీశ్వర్రావు ఆ అలికిడి విని కెమెరా తిప్పసాగాడు. తిప్పడం పూర్తయ్యేసరికి నలిగిన గడ్డి తప్ప ఏమీ లేదు. అంతలో చూసేవాళ్ళు ఒక్కొక్కరే మేలుకున్నారు. తను నిద్రపోయిన సంగతి ఎవరికివారికే తెలుసు. పక్కవాడు చూసే ఉంటాడని అందరి నమ్మకం.

"అద్భుతం!" అంది అడవిగాడిద.

"ఆఁ, ఇప్పుడు చచ్చాడు," అంది సింహం కళ్ళు నులుముకుంటూ. "ఊపిరి కూడా ఆడటం లేదు. సీరియల్ సాగనివ్వండి."

"శవం ఏదర్రా?" అంది సూరమ్మ పిన్ని.

"ఉష్!"

గుట్ట వైపునుంచి వినబడ్డ చప్పట్లకి నక్క ఉలిక్కిపడి మేలుకుంది. ఖాళీ గడ్డిని చూసింది, చప్పట్లు విన్నది, బుర్ర గోక్కుంది. ఇంటికెళ్ళి ఆకు తీసి రాసింది. "హంతకుడి చేతిలో ఎట్టకేలకు శవం చచ్చింది. ఈ వారం దాని నటన ఎన్నడూ లేనంత గొప్పగా ఉంది."

మర్నాడు వాగు గట్టున ఇద్దరూ ఎదురుపడ్డారు. నక్క నోరు ఊరింది. "ఒరే పానకాలూ, నిన్ను చంపమని రాజుగారి ఆజ్ఞ."

"చంపేశారు కదండీ, మీరే రాశారుగా," అన్నాడు పానకాలు. "ఇప్పుడు మళ్ళీ చంపితే, నిన్న చంపిందెవర్నని అడుగుతారు. మీరు మేలుకునే ఉన్నారా అని కూడా అడుగుతారు."

జంబుకేశం ఊరిన నోరు తుడుచుకున్నాడు. పక్కకి జరిగి దారిచ్చాడు.

పానకాలు నాలుగడుగులు వేసి, ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు. "అయ్యా, నిజం చెప్పండి. ఆ ఖాళీ గడ్డి నాకంటే బాగా చేసిందా?"

"ఏం చెప్పమంటావు నాయనా," అంది నక్క. "నీకు చెవులు అడ్డొచ్చేవి."

ఆ పూట పానకాలుకి పచ్చగడ్డి కూడా సహించలేదు.

నీతి: నిద్రపోతూ చూసిన సీరియల్ని నోరారా మెచ్చుకోండి, ఎక్కడో ఒక ప్రాణి బతికిపోతుంది.