స్పానర్ మోగని ఉదయం

ఎల్ ఆల్తో ఊళ్లో గ్యాస్ బండి వచ్చిందని ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఫెర్మీన్ స్పానర్‌తో సిలిండర్ మీద మూడు దెబ్బలు వేసి, "రండర్రా! ఇళ్లకొచ్చి బొట్టు పెట్టి పిలవాలా?" అని గొంతు చించుకుంటాడు. ఇరవై రెండేళ్లుగా అదే వరస. జనం ఖాళీ సిలిండర్లతో వచ్చి, నాలుగు తిట్లు తిని, గ్యాస్ పట్టుకుపోతారు.

ఆ మంగళవారం మాత్రం స్పానర్ సీటు కిందికి చేరింది. పక్క సీట్లో కంపెనీ పంపిన హిమేనా మేడమ్ ఒళ్లో మార్కుల కాగితం పెట్టుకుని కూర్చుంది. డ్రైవర్లకు సాఫ్ట్ స్కిల్స్ నేర్పడం ఆవిడ పని. ఇవాళ్టి పరీక్ష తప్పితే ఫెర్మీన్ బండి ఇంకొకరి చేతికి పోతుంది. యాభై నాలుగేళ్లవాడికి మరో బండి ఎవడిస్తాడు?

"మోత వద్దు, కేక వద్దు. తలుపు తట్టండి, టోపీ తీయండి, నవ్వండి," అంది మేడమ్.

మొదటి తలుపు సతుర్నీనవ్వది. పొయ్యి మీద బంగాళాదుంపల సూప్ వదిలి, గరిటెతోనే వచ్చింది.

"శుభోదయం అవ్వా. ఒంట్లో బాగుందా? మీకేమైనా సాయం చెయ్యగలనా?" ఫెర్మీన్ నవ్వాడు.

అతని పళ్లు ఆవిడ చూడడం అదే మొదటిసారి. "ఏరా, ఏమైంది? ఎవరు పోయారు?"

"అబ్బే, ఎవరూ పోలేదవ్వా. ఊరికే పలకరిద్దామని."

"ఊరికేనా!"

అతి వినయం ధూర్త లక్షణమని అవ్వకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పోయిన చలికాలం గ్యాస్ లేదని చెప్పడానికి వచ్చిన అధికారి కూడా అచ్చం ఇలాగే టోపీ తీశాడు. ఫెర్మీన్ బండి దగ్గరికి చేరేలోపే ఆవిడ ఖాళీ సిలిండర్ వీధి మూల నిలబడింది, పక్కన అవ్వ కూడా.

ఆ ఊళ్లో వరస కనబడితే ముందు నిలబడాలి, ఎందుకో తర్వాత అడగొచ్చు. పక్కింటివాళ్లు తమ సిలిండర్ తెచ్చారు. దర్జీ కొట్టు మూసి మరీ వచ్చాడు. అరగంటలో సిలిండర్లన్నీ వరస తప్పకుండా ఒకే తాడుతో ముడిపడి రెండు వీధులు దాటాయి. వరస మొదట్లో "ఏదో దాస్తున్నాడు" అన్న మాట, మధ్యకొచ్చేసరికి "ఇదే ఆఖరి బండి" అయింది. చివరికి చేరేసరికి "మన గ్యాసంతా బ్రెజిల్‌కి అమ్మేశారట!" అయి కూర్చుంది. బండి కదలకుండా ఆడవాళ్లు రాళ్లు దొర్లించి దారి కట్టేశారు. ఆ పనిలో వాళ్లకు చెయ్యి తిరిగింది.

"స్పానర్ తియ్యనా మేడమ్?"

"వద్దు వద్దు. వాళ్ల బాధ మీకు అర్థమైందని చెప్పండి."

ఫెర్మీన్ గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "మీ భయం నాకు అర్థమైంది."

"విన్నారా, ఒప్పేసుకున్నాడు!" దర్జీ అరిచాడు.

మేడమ్ స్వయంగా దిగి, తేనెలాంటి గొంతుతో, "దయచేసి ఎవరూ కంగారుపడకండి," అంది. దాంతో అప్పటిదాకా కంగారుపడనివాళ్లు కూడా మొదలుపెట్టారు. వెనక ఎవరో ఏడుస్తున్నారు.

ఫెర్మీన్ సతుర్నీనవ్వ వైపు చూశాడు. తాడు ముడి ఊడిపోలేదు కదా అని ఆవిడ మళ్లీ మళ్లీ తడిమి చూసుకుంటోంది. ఇరవై రెండేళ్లలో ఆవిణ్ణి ఎన్నిసార్లు తిట్టాడో లెక్కలేదు గానీ, భయపెట్టింది ఇవాళే. బండి పోతే పోయిందనుకుని సీటు కింద చెయ్యి పెట్టాడు.

ఠంగ్! ఠంగ్! ఠంగ్!

"ఏం ముసలీ, బుద్ధి గడ్డి తిందా? బండి నిండా గ్యాసుంటే ఈ జాతరేంటి? రేపూ నేనే వస్తా, ఎల్లుండీ నేనే వస్తా! చచ్చేదాకా మీ మొహాలే చూడమని నా నుదుటిన రాసుంది! తియ్యండి ఆ రాళ్లు!"

అవ్వ గట్టిగా ఊపిరి వదిలింది.

"అమ్మయ్య, తిడుతున్నాడు! ఏమీ కాలేదర్రా, పదండి. నా సూప్ మాడిపోతోంది."

రాళ్లు పక్కకు జరిగాయి. సగం మంది గ్యాస్ అడగకుండానే ఇళ్లకు పోయారు.

తిరుగుదారిలో మేడమ్ కలం పట్టుకుని మార్కుల కాగితం అటూ ఇటూ తిప్పింది. "నా బండి..." అన్నాడు ఫెర్మీన్, పీలగా. తిట్లకు ఆ కాగితంలో గడి లేదు. ఆవిడ వెతికి వెతికి, 'నమ్మకం' అన్న గడిలో పదికి పది వేసింది. అది చూసి అతని కళ్లు చెమర్చాయి.

తన ఇంటి ముందు దిగుతూ మేడమ్ ఆగింది. "మా ఇంట్లోనూ గ్యాస్ అడుగంటింది. రేపొకటి తెస్తారా?"

ఫెర్మీన్ సంతోషం పట్టలేక టోపీ తీసి, నోరారా నవ్వాడు. "తప్పకుండా మేడమ్. మీరు నిశ్చింతగా ఉండండి."

మేడమ్ మొహం పాలిపోయింది.

మర్నాడు తెల్లారేసరికి వరసలో మొదటి సిలిండర్ ఆవిడదే.