అడగని క్షమాపణ

శనివారం పొద్దున తెలేసియా వేసుకున్న పథకం చాలా చిన్నది. లొయిమాటా అత్త ఇంటికి వెళ్లి చర్చి హాలు తాళం చెవి తెచ్చుకోవాలి, కుర్చీలు సర్దాలి, సాయంత్రం తన కొత్త నాటకాన్ని సంఘం వాళ్లచేత పైకి చదివించుకోవాలి. పట్నం శివారు మాంగెరేలో సమోవా, టోంగా, నియువే దీవుల నుంచి వచ్చినవాళ్లు కలిసి నడుపుకునే ఆ నాటక రచయితల సంఘానికి సొంత గూడంటూ లేదు. ఎవరు కొత్తగా ఏం రాసినా ఆ హాల్లో చదవాల్సిందే. ఆ తాళం చెవేమో మహిళా సంఘం అధ్యక్షురాలి హోదాలో లొయిమాటా అత్త మెడలో, శిలువ పక్కనే వేలాడుతూ ఉంటుంది.

చిక్కల్లా ముందురోజు వచ్చిన జవాబుతో మొదలైంది. తాళం చెవి కావాలని తెలేసియా ఫోన్లో అడిగితే అత్త ముక్తసరిగా పంపింది: "ఇవ్వను. ఎందుకో నీకే తెలుసు."

తెలేసియాకి తెలుసు. సంఘంలో అందరికీ తెలుసు. నాటకంలో సొఫీ అని ఒక అత్త ఉంది. చావింట్లో శవపేటిక మీద పడి గుండెలు పగిలేలా ఏడుస్తూ, మధ్యలో ఠక్కున ఏడుపు ఆపి, "ఈ నూడుల్స్ ఎవరు వండారు? ఉప్పేదీ?" అని అడిగి, మళ్లీ ఏడుపందుకుంటుంది. పేరు మార్చినంత మాత్రాన మనిషి మారుతుందా? మాంగెరేలో పాలు తాగే పిల్లవాణ్ణి అడిగినా ఆ సొఫీ ఎవరో చెబుతాడు.

"ఆ ఒక్క సీనూ తీసెయ్యి తల్లీ. హాలు లేకపోతే నాటకమే లేదు కదా," అన్నాడు సంఘం కార్యదర్శి సియోసైయా ఫోన్లో. టోంగా మనిషి, గొడవంటే ఆమడ దూరం పారిపోతాడు.

"తియ్యను."

"పోనీ అత్తని మావయ్యగా మార్చు."

"సైయా అన్నా, నువ్వు ఫోన్ పెట్టెయ్."

తెలేసియా చంకలో నాటకం ప్రతులు, భుజాన ఒక చాప వేసుకుని బయల్దేరింది. అది నాటకంలో వాడే చాప. మామూలు చాప అంచుకి ఎర్ర ఈకలు గమ్ముతో అంటించి, తరతరాలుగా ఇంట్లో దాచుకునే మేలిచాపలా తయారుచేసింది. దూరం నుంచి చూస్తే వంశగౌరవం, దగ్గరికొస్తే కోడి.

తలుపు కొట్టింది. కిటికీ తెర కదిలింది గానీ తలుపు కదల్లేదు.

"అత్తా, తాళం చెవి ఇచ్చేదాకా ఇక్కణ్ణుంచి లేవను," అని తలుపుకి చెప్పి, మెట్ల ముందు గడ్డిలో మఠం వేసుక్కూర్చుంది. ఇంకో మాట అనదలచుకోలేదు. మొండితనంలో ఆమెకి ఈడూ జోడూ లేరు. అంతలో వాన మొదలైంది. తను తడిస్తే ఆరుతుంది, కాగితాలు తడిస్తే ఆరవు. ప్రతుల్ని ఒళ్లో పెట్టుకుని, వాటిమీదికి వంగి, చాప తలమీదుగా కప్పుకుంది.

ఎదురింటి ముసలాయన కుక్కని లోపలికి పిలవడానికి వచ్చి ఆ దృశ్యం చూశాడు. వంచిన తల, కప్పుకున్న మేలిచాప, మౌనం. సమోవా వాళ్లలో ఘోరమైన తప్పు చేసినవాళ్లు అవతలివాళ్ల ఇంటి ముందు కూర్చునేది సరిగ్గా అలాగే. దాన్ని ఇఫోగా అంటారు. ఇంటివాళ్లు బయటికొచ్చి చాప ఎత్తితే మన్నించినట్టు. ఎత్తకపోతే ఏమవుతుందో పెద్దలు కూడా పైకి అనరు. ధర్నాకీ క్షమాపణకీ ఆసనం ఒక్కటే కావడం తెలేసియా ఖర్మ.

ముసలాయన టోపీ తీశాడు. తర్వాత ఫోన్ తీశాడు.

"లొయిమాటా ఇంటి ముందు ఇఫోగా జరుగుతోంది."

"అయ్యో దేవుడా, ఎవరు పోయారు?"

"తెలీదు. ఎవరూ పోకుండానే ఇంత వానలో కూర్చుంటారా?"

కబురు పక్క వీధికి చేరేసరికి ఒకడు పోయాడు. చర్చికి చేరేసరికి కారు గుద్ది పోయాడు. తెలేసియా తల్లి పెనినా చెవిన పడేసరికి ఇద్దరు పోయారు, గుద్దిన కారు తెలేసియాదే అయింది. కూతురికి కారు లేదన్న సంగతి కన్నతల్లికి కూడా ఆ క్షణాన గుర్తు రాలేదు.

ఇఫోగా అంటే ఒక్క మనిషి కూర్చుంటే చాలదు, వంశం కూర్చోవాలి. కాసేపట్లో వ్యాను వచ్చి ఆగింది. పెనినా అసలైన మేలిచాపలు మోసుకుంటూ దిగింది. వెనకే ఆమె అన్న ఫెరేటి, వంశం తరఫున మాట్లాడే పెద్ద, చేత కర్ర, భుజాన కొబ్బరిపీచు చామరంతో దిగాడు. ఆ వెనక, ఎవరి పెళ్లికో కాల్చిన పంది దిగింది. అందరూ తెలేసియా వెనక గడ్డిలో కూలబడి చాపలు కప్పుకున్నారు.

"ఎవర్ని చంపావే?" అని గుసగుసలాడింది పెనినా.

"ఎవర్నీ చంపలేదమ్మా. తాళం చెవి కోసం కూర్చున్నా."

"దేవుడు వింటున్నాడు, అబద్ధమాడకు. ఎంతమంది?"

"అమ్మా, ఇదంతా నాటకం గురించి."

"నీ నాటకం చూసి పోయారా?"

"నోరు ముయ్యండి. ఇఫోగాలో మాట్లాడకూడదు," అని ఫెరేటి మావయ్య గద్దించాడు.

ఇంతలో తాళం చెవి ఏమైందో కనుక్కుందామని సియోసైయా సంఘం వాళ్లతో వచ్చాడు. వీధి నిండా జనం టోపీలు తీసి నిలబడి ఉన్నారు. వంగి తెలేసియా చాప కిందికి తల దూర్చాడు.

"ఇప్పుడు లేస్తే మీ మావయ్య పరువు పోతుంది. కూర్చుంటే ఆ సీను రాయడం తప్పని ఒప్పుకున్నట్టే, తీసెయ్యక తప్పదు. నేనైతే కూర్చుంటాను," అని చెప్పి, తనే కూర్చున్నాడు.

చాప కింద తెలేసియాకి ఒళ్లు మండిపోతోంది. పట్నంలో పెద్ద థియేటర్ వాళ్లని అడిగితే మీ అత్తల కథలు ఎవరు చూస్తారన్నారు. ఇక్కడి అత్తలేమో మా కథలు పదిమందిలో ఎందుకంటారు. వాళ్లకీ వీళ్లకీ మధ్య రాసేవాడు ఎక్కడ కూర్చుని రాయాలి, వానలోనా?

ఫెరేటి మావయ్య లేచి కర్ర నేలకి ఆనించి గొంతు సవరించుకున్నాడు. "పర్వతం లాంటి ఓ గృహమా, మా బిడ్డ చేసిన పాపం సముద్రమంత. ఆ పాపమేమిటో ఈ నోట పలకలేను," అన్నాడు. పలకలేకపోవడానికి కారణం, అదేమిటో ఆయనకీ తెలియకపోవడమే. అయినా వీధిలో సగం మంది కళ్లు తుడుచుకున్నారు.

తలుపు తెరుచుకుంది. లొయిమాటా అత్త ఆదివారం కట్టే తెల్లబట్టల్లో, కళ్లనీళ్లతో మెట్లు దిగి వచ్చింది. వంగి చాప అంచు పట్టుకుంది. మెడలోని తాళం చెవి తెలేసియా ముక్కుకి తగిలేంత దగ్గరికొచ్చింది.

"లే తల్లీ. మన్నించాను," అంది.

ఊరుకుంటే సరిపోయేది. తెలేసియా ఒక్క విసురుతో చాప అవతల పారేసి లేచి నిలబడింది.

"నేను మన్నింపు అడగడానికి రాలేదత్తా. ఆ సీను తియ్యను. మా నాన్న పెట్టె మీద పడి ఏడుస్తూ మీరు నూడుల్స్‌లో ఉప్పు లేదన్నారు. నేను విన్నాను. ఆ వారమంతటిలో నేను నవ్వింది ఆ ఒక్కసారే. ఆ నవ్వే లేకపోతే నేనూ ఆయనతో పోయేదాన్ని. అందుకే రాశాను. తాళం చెవి ఇచ్చినా, ఇవ్వకపోయినా, అది అలాగే ఉంటుంది."

ఫెరేటి మావయ్య కర్ర చేతిలోంచి జారింది. పెనినా రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"ఏ సీను?" అంది లొయిమాటా అత్త.

ఆవిడ కళ్లు తుడుచుకుని తెలేసియా వంక చూసింది.

"నేను కప్పుల సంగతి కదా అంటున్నది? పోయిన శనివారం మీ సంఘం వాళ్లు టీలు తాగి కప్పులన్నీ కడక్కుండా సింకులో పడేసి పోయారు. బుద్ధి చెబుదామని తాళం చెవి ఇవ్వనన్నాను. ఇంతలో చాపలొచ్చాయి, పెద్దలొచ్చారు, పందొచ్చింది. కప్పుల కోసం ఇంత మర్యాదా అని లోపల కూర్చుని ఎంత ఏడ్చానో. నా జన్మలో నన్నెవరూ ఇంత గొప్పగా చూడలేదనుకున్నాను."

సియోసైయా తన బూట్ల వంక చూసుకున్నాడు. కప్పుల వంతు ఆయనదే.

"ఏదీ, ఆ సీను ఇలా ఇయ్యి," అంది అత్త.

తెలేసియా ఇచ్చింది. అత్త మెట్టు మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, ఆ పేజీలన్నీ తాపీగా చదివింది. వాన వెలిసింది. వీధంతా ఆవిడ పెదవుల వైపే చూస్తోంది.

"ఇది తప్పు," అంది చివరికి.

"తప్పయినా మార్చను."

"ఏడుపు ఆపి అడిగానని రాశావు. ఆపుతానా నేను? ఆపితే మళ్లీ అందుకోవడం ఎంత కష్టమో నీకేం తెలుసు. ఏడుస్తూనే అడిగాను. ఇలా." అత్త లేచి ఫెరేటి మావయ్య భుజం మీద పడింది. రాగం తీసింది. ఆ రాగంలోనే, ఊపిరి తీసుకోకుండా, నూడుల్స్ ఎవరు వండారని అడిగింది, ఉప్పేదని అడిగింది, పోయినవాణ్ణి మమ్మల్నెందుకొదిలేశావురా అనీ అడిగింది. మావయ్య శవపేటికలాగే కదలకుండా నిలబడ్డాడు.

ముందు నవ్వింది పెనినా. మొగుడు పోయాక ఆవిడ అలా పొట్ట పట్టుకుని నవ్వడం ఎవరూ చూడలేదు. ఆ తర్వాత వీధి మొత్తం నవ్వింది.

"సొఫీ మాటలు ఎవరు చదువుతున్నారు?" అని అడిగింది అత్త, రొప్పుతూ.

"సైయా అన్న మేనకోడలు."

"ఆ చిన్నపిల్లా? ఎంతమందిని సాగనంపిందని దానికా పాత్ర? నేను చదువుతాను. పదండి, హాలు నేనే తీస్తాను."

"నేను రాసింది రాసినట్టే చదవాలి. ఏడుపు ఆపి," అంది తెలేసియా.

"చూద్దాం," అంది అత్త.

సాయంత్రం హాలు కిక్కిరిసింది. సంఘం పుట్టాక అంత జనం ఎప్పుడూ రాలేదు. అత్త ఆ సీను ఒకసారి తెలేసియా రాసినట్టు చదివింది. తర్వాత, ఎవరూ అడక్కపోయినా, తన పద్ధతిలో మళ్లీ చదివింది. పళ్లు కొరుక్కుంటూ కూర్చున్న తెలేసియా రెండోసారి అందరికంటే గట్టిగా నవ్వి, ఆ రాత్రికే తనంతట తాను, ఏడుపు ఆపుతుందన్న ఒక్క వాక్యం కొట్టేసింది. ఆ సంగతి మాత్రం అత్తకి చెప్పలేదు.

పై శనివారం సంఘంలో కొత్తగా ఆరుగురు అత్తలు చేరారు, ఆరుగురూ తెలేసియా మీదే రాస్తున్నారట.