అద్దాల గది, మూడో సెల్లార్

సమానత్వం కోరేవాళ్లతో ప్రభుత్వం చాటుమాటుగా మాట్లాడే రోజులు పోయాయని సమాన అవకాశాల శాఖ మంత్రి నరేందర్ గారు మాదాపూర్‌లో ప్రకటించారు. ఇకమీదట ఏ సంఘం వచ్చినా భేటీ శాఖ ఆఫీసున్న టవర్‌లో, తొమ్మిదో అంతస్తులోని అద్దాల గదిలోనే. ఎవరు వచ్చారు, ఏం అడిగారు, మంత్రిగారు ఏం తేల్చారు, అన్నీ అప్పటికప్పుడు పోర్టల్‌లో లైవ్. భేటీ మధ్యలో మంత్రిగారు గది దాటితే, ఎందుకు దాటారో కూడా రాసి పెడతారు.

"నా దగ్గర దాపరికం లేదు. నేను బయటికి పోతే ఎందుకు పోయిన్నో గూడ ప్రజలకు తెల్వాలె," అన్నారు. చప్పట్లు మోగాయి.

పోర్టల్‌లో రాసే బాధ్యత పార్థసారథికి అప్పగించారు. కాకినాడ నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడ్డ ఆఫీసరు. సర్వీసంతా ఫైళ్లు మూయడమే తప్ప తెరిచిన పాపాన పోలేదు. అలాంటివాణ్ణి ఏరి పెట్టడంలో మంత్రిగారి ముందుచూపు ఉంది. కుండలో ఏముందో మూత పెట్టినవాడికే కదా ముందు తెలిసేది.

మొదటి సంఘం కోసం దూరం వెతకనక్కర్లేకపోయింది. ఆ టవర్ ఊడ్చి తుడిచే ఆడవాళ్లే ఒక సంఘం పెట్టుకున్నారు. సక్కుబాయి నాయకురాలు. వాళ్ల కోరిక ఒక్కటే. తొమ్మిదో అంతస్తు మొత్తానికి ఉన్న ఒక్క వాష్‌రూమ్ కడిగేది వాళ్లు, వాడేది ఆఫీసర్లు. తమకు అవసరం పడితే సర్వీసు లిఫ్టు ఒక్కటే వెళ్లే మూడో సెల్లార్‌లోని వాష్‌రూమ్‌కు దిగాలి. లిఫ్టు దగ్గర సూపర్‌వైజర్ ఎల్లేశం ఫోన్‌లోంచి తలెత్తకుండానే "యాడికి? ఏం పని?" అని అడుగుతాడు. నలుగురిలో ఆ జవాబు చెప్పలేక రేఖ అనే అమ్మాయి నీళ్లు తాగడమే మానేసింది. మానేసి, ఓ రోజు కళ్లు తిరిగి దవాఖానలో పడింది.

భేటీ రోజు సంఘం వాళ్లు ముందే వచ్చారు. ఎల్లేశానికి యూనిఫారాలే కనిపించాయి.

"మీటింగుకొచ్చినం అన్నా," అంది సక్కుబాయి.

"మంచిగయింది. మంత్రి వస్తున్నడు. ముందుగాల అద్దాలు తుడువుండ్రి."

తుడిచారు. పారదర్శకత ఆ రోజు తళతళలాడింది. "సంఘం ప్రతినిధులు ముందుగానే విచ్చేసి ఏర్పాట్లలో సహకరించారు," అని పార్థసారథి పోర్టల్‌లో రాశాడు.

మంత్రిగారు జీడిమెట్లలో వరసగా చలివేంద్రాలు ప్రారంభించి వచ్చారు. ప్రతిచోటా కెమెరా కోసం మజ్జిగ తాగక తప్పలేదు. ఒకచోట ఫొటో సరిగా రాలేదంటే ఇంకో గ్లాసు కూడా తాగారు. ఆ త్యాగం ఫలితం సక్కుబాయి మాట్లాడుతుండగా బయటపడింది. మంత్రిగారు కాలు మీద కాలేశారు. మార్చి వేశారు. మళ్లీ మార్చారు.

"పార్థసారథీ, జర ఒక్క నిమిషం నేను బయటికి…"

"వెళ్తే కారణం రాయాలండి."

"అర్జెంటు పని అని రాయి."

"ఏం పనో కూడా రాయాలండి. 'ఇతరములు' అన్న గడి తమరే తీయించేశారండి."

"చూసెటోళ్లు ఎంతమంది ఉన్నరు?"

"మొదట్లో పన్నెండు మందేనండి. తమరు కాళ్లు మార్చడం మొదలయ్యాక నాలుగు వేలు దాటిందండి."

మంత్రిగారి నుదుట చెమట పట్టింది. సక్కుబాయి చెప్పేది ఆపి, చూసింది. ఆ కూర్చోవడం ఆమెకు కొత్త కాదు.

"మాకు ఎరుకే సారూ," అంది మెల్లగా. "బిగవట్టకుండ్రి, ఇంక ఎక్కువైతది. మా రేఖ గిట్లనే జేసి దవాఖానల పడ్డది."

"తొమ్మిదో అంతస్తుల వాష్‌రూమ్. గదేనా మీరడిగేది?"

"గదే సారూ."

"మంజూరు. మీటింగ్ అయిపోయింది."

మీటింగ్ అయిపోయాక పరుగెత్తితే కారణం రాయాలని రూల్లో లేదు. ప్రజల బాధను సొంత ఒంట్లో అనుభవించి తీర్పు చెప్పిన మంత్రి అని మర్నాడు పేపర్లు మెచ్చుకున్నాయి. సక్కుబాయి అంతస్తంతా బెల్లం ముక్కలు పంచింది. రేఖ అందరి ముందూ ఒక సీసా నీళ్లు గటగటా తాగింది.

నెల తిరక్కుండానే మేస్త్రీలు దిగారు. ఆఫీసర్ల వాష్‌రూమ్ గోడ కొట్టి అద్దాల గదిలో కలిపేశారు. తలుపు ముందు ఒక కర్టెన్, తలుపు మీద ఒక బోర్డు: "మంత్రివర్యులకు మాత్రమే." ఇక గది దాటే పనే లేదు, కారణం రాసే పనీ లేదు.

సక్కుబాయి పార్థసారథి దగ్గరికి వచ్చింది. "సారూ, గిదేంది?"

పార్థసారథి పోర్టల్ తెరిచి చూపించాడు. "అడిగింది, తొమ్మిదో అంతస్తులో వాష్‌రూమ్. తేల్చింది, మంజూరు. ఉన్నదున్నట్టే ఉంది కదమ్మా."

"ఎవరికి అని రాయలేదా?"

"ఎవరికి అన్న గడి లేదమ్మా. కడిగే పని మాత్రం మీకే ఇచ్చారు. ఇదిగో, తాళం చెవి."

సక్కుబాయి తాళం చెవిని కొంగున ముడేసుకుంది. "మంచిది సారూ. మీరు పరేషాన్ గాకుండ్రి."

పరేషాన్ పడాల్సింది తనేనని పార్థసారథికి మధ్యాహ్నం టీ తాగాక అర్థమైంది. అంతస్తులో ఉన్నదొక్కటి మంత్రిగారిదైపోయింది. ఇక ఆఫీసర్లకూ మూడో సెల్లారే. సర్వీసు లిఫ్టు దగ్గర ఎల్లేశం తలెత్తలేదు.

"యాడికి? ఏం పని?"

పార్థసారథి గొంతు సవరించుకున్నాడు. "ఫైలు చూసొస్తానయ్యా."

వెనక నిలబడ్డ డిప్యూటీ డైరెక్టరుకూ ఫైలే. ఆయన వెనకాయనకూ ఫైలే. సెల్లార్‌లో ఫైళ్లు లేవని ఆ టవర్‌లో తెలియనివాడు లేడు.

రెండో భేటీకి మరో సంఘం వచ్చింది. ఈసారి మంత్రిగారు ధీమాగా ఉన్నారు. లస్సీ తెప్పించుకుని రెండు గ్లాసులు తాగారు. భేటీ సగంలో చిరునవ్వుతో లేచి కర్టెన్ వెనక్కి వెళ్లారు. తలుపు ముందు పసుపుపచ్చ బోర్డు నిలబడి ఉంది: "శుభ్రపరుస్తున్నాము. దయచేసి వేచి ఉండండి." లోపల గడియ పెట్టి ఉంది. నీళ్ల చప్పుడు, గాజుల చప్పుడు, ఎవరో కిసుక్కున నవ్విన చప్పుడు.

"లోపల ఎవరు?"

"మేమే సారూ. సాఫ్ జేస్తున్నం," అంది సక్కుబాయి గొంతు.

"ఎంతసేపు?"

"మంత్రిగారిది గద సారూ, ఆగమాగం జేస్తే ఎట్ల? ఒక్కొక్కలం జేసుకుంట వస్తున్నం. రేఖ అయినంక ఇంకా ముగ్గురున్నరు."

మంత్రిగారు కర్టెన్ తీసి బయటికొచ్చారు. గదిలో అందరూ చూస్తున్నారు. గది బయటివాళ్లూ చూస్తున్నారు.

"పార్థసారథీ, ఇంకోటి యాడుంది?"

"మూడో సెల్లార్‌లోనండి."

మంత్రిగారు అద్దాల తలుపు తోసుకుని నడిచారు. పార్థసారథి పోర్టల్‌లో కారణం గడి తెరిచి, ట్యాబ్ పట్టుకుని వెనకే నడిచాడు. సర్వీసు లిఫ్టు దగ్గర ఎల్లేశం ఫోన్ చూసుకుంటున్నాడు.

"యాడికి? ఏం పని?"

మంత్రిగారు పార్థసారథి వైపు చూశారు. ట్యాబ్ వైపు చూశారు.

"ఫైలు చూడాలె."

"ఫైలోళ్ల లైను అటుంది," అన్నాడు ఎల్లేశం, తలెత్తకుండా. "ఎనక నిలబడు."