తవ్వకాల్లో దొరకబోయే నేను

ఫ్లెక్సీలు కట్టొద్దనేవాళ్లకు చరిత్ర మీద గౌరవం లేదు! ఈ మాట ముప్పై ఏళ్లు కోరుట్లలో పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరైన ధనుంజయ్ సారుగా చెబుతున్నాను. కాదనేవాళ్లు చేయెత్తండి. ఎవరూ లేరు కదా, సంతోషం.

సింధు నాగరికత గురించి మనకెట్లా తెలిసింది? ఇటుకలు, ముద్రలు, కుండపెంకులు, ఒక చిన్న నాట్యకత్తె బొమ్మ. మిగిలిన వస్తువే సాక్షి, మిగలనివాడు లేనట్టే లెక్క. ఈ సంగతి బోర్డు మీద రాసీ రాసీ నా చొక్కాలన్నీ సుద్దపొడి పాలయ్యాయి.

మరి మన తరఫున మిగిలేదేమిటి? కాగితాన్ని చెదలు తింటాయి. గుడ్డ చీకిపోతుంది. ఫ్లెక్సీ ఒక్కటే దేనికీ లొంగదు. రెండు వేల ఏళ్ల తర్వాత జగిత్యాల బస్టాండు దగ్గర తవ్వితే ఏం బయటపడుతుంది? జన్మదిన శుభాకాంక్షలు! ఆ కాలం పండితులు తలలు పట్టుకొని ఏం తేలుస్తారు? ఇక్కడి జనం రోజూ పుట్టేవారనీ, పుట్టడమే నల్లకళ్లద్దాలతో, చెవి దగ్గర సెల్‌ఫోన్‌తో పుట్టేవారనీ! అదేమన్నా సామాన్యమైన గౌరవమా?

అందులో నాకూ వాటా ఉంది. రిటైర్మెంటు రోజు శిష్యులు నాకు పన్నెండడుగుల ఫ్లెక్సీ కట్టారు. 'చరిత్ర శిరోమణి' అన్నారు. లేని జుట్టు కంప్యూటర్లో పెట్టించారు. వడ్ల కుప్ప మీద కప్పుకుంటానని కోనరావుపేట సాయన్న అడిగినా ఇవ్వలేదు. మడతపెట్టి బీరువాలో దాచాను.

పోయిన నెల జగిత్యాల నుంచి నిఖిత వచ్చింది. నా పాత శిష్యుడి కూతురు, డిగ్రీ చదువుతోంది. కాలేజీలో పాత వస్తువుల ప్రదర్శన పెడుతున్నారట.

"సార్, మీ బాపు మగ్గం నేస్తుండెనట గదా. ఆయన చేత్తోని నేసిన గుడ్డ జానెడన్న ఉంటే ఇయ్యుండ్రి," అంది.

మా బాపు రాజయ్య సిరిసిల్లలో, ఇదే ఇంట్లో, నలభై ఏళ్లు గుంట మగ్గంలో కూర్చున్నాడు. ఆయన నేసిన గుడ్డ మా దగ్గర లేకపోవడమా! బీరువా తెరిచాను. మెమెంటోలు ముప్పై ఏడు, శాలువాలు పందొమ్మిది, అన్నీ పాలిస్టరు. ఇక ఫ్లెక్సీ ఉండనే ఉంది. ట్రంకుపెట్టె వెతికాను, అటక వెతికాను. మగ్గం గుంట ఉండాల్సిన చోట వాషింగ్ మెషీన్ ఉంది. గుంట పూడ్పించి టైల్స్ వేయించింది నేనే. బాపు నేసిన చివరి చీరను స్టీలు సామాన్లవాడికి వేసి టబ్బు తీసుకున్నదీ నేనేనని మా ఆవిడ అనురాధ ఆ అమ్మాయి ముందే గుర్తుచేసింది. మొహెంజొదారో స్నానఘట్టం కొలతలు నిద్రలో అడిగినా చెబుతాను. కన్నతండ్రి నేసిన జానెడు గుడ్డ చూపలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"అవ్వా, బాపు నేసింది ఒక్కటన్న దాసినవా?" అని అడిగాను.

మా అమ్మ గంగవ్వ బీడీలు చుట్టడం ఆపలేదు.

"దాసుకుంటందుకు నేసిండా కొడకా? నేసిందల్లా అమ్మి నిన్ను సదివిచ్చిండు. ఆయిన చేతిపనిల మిగిలింది నువ్వే. పోయి ఆడ గూసో."

నిఖిత నవ్వలేదు. "కుర్చీ ఏపిస్తం సార్," అంది.

నేను పోలేదు. పోయి కూర్చుంటే, వచ్చినవాళ్లు నన్ను చూసి మా బాపుకు పని రాదనుకుంటారు.