తుపాకీ తప్ప అన్నీ సిద్ధం

"ఇక మీదట మన డివిజన్‌లో ఏ ఒక్క ఇల్లూ నిరాయుధంగా నిద్రపోదు!"

ఈ చలిదేశంలో, రెజైనా నగరానికి నలభై కిలోమీటర్ల అవతల, మా రూరల్ మున్సిపాలిటీ కమ్యూనిటీ హాల్లో, పులిహోర గిన్నె పక్కన నిలబడి కౌన్సిలర్ వీరభద్రరావుగారు ఈ చారిత్రక ప్రకటన చేశారు. మైకు పనిచెయ్యలేదు. పనిచేస్తున్నట్టే మాట్లాడారు. నాయకుడంటే అలా ఉండాలి.

ఈ ప్రకటనకి కారకులు రూపవతిగారు. రిటైరైన నర్సు. భర్త పోయాక, ఆయన స్వయంగా కట్టిన ఇంట్లో, పదెకరాల మధ్య ఒక్కరే ఉంటున్నారు. ఆ ఏడాది ఆమె షెడ్డులో దొంగలు రెండుసార్లు పడ్డారు. మొదటిసారి డీజిల్ పోయింది, రెండోసారి గడ్డి కోసే మెషిన్ పోయింది.

"నాకు పెద్ద కోరికలేం లేవండీ," అన్నారావిడ. "రోడ్డు మీద లైటు పోయి ఏడాదయింది, అది వేయించండి. పోలీసులు అంత దూరం నుంచి రావాలంటే యాభై నిమిషాలు పడుతుంది. నేను ఫోన్ చేస్తే మీరంతా కార్లేసుకుని హారన్లు కొట్టుకుంటూ వచ్చెయ్యండి, చాలు. పోయినసారి ఎవరో ట్రక్కతను హారన్ కొడితేనే సగం సామాను వదిలేసి పారిపోయారు. ఇంకోసారి జరిగితే ఇల్లమ్ముకుని పోవడమే. మా ఆయన కట్టిన ఇల్లండీ. వదలాలని లేదు."

లైటు, హారను! అంతటి నాయకుణ్ణి అడగాల్సిన కోరికలేనా ఇవి? వీరభద్రరావుగారు కళ్లు మూసుకున్నారు. తెరిచారు. "రైఫిల్," అన్నారు.

హాలు దద్దరిల్లింది.

అక్కడికక్కడే రైఫిల్ సెలక్షన్ కమిటీ వేశారు. కోస్తా, రాయలసీమ, తెలంగాణలకు సమాన ప్రాతినిధ్యం. మినిట్స్ రాసే భాగ్యం నాకు దక్కింది. రాయలసీమ సభ్యుడు అమరేశ్వరరావుగారి వంక అందరూ ఒకరకమైన భక్తితో చూశారు. ఆయన ముప్ఫై ఏళ్లుగా అకౌంటెంటు. "నేను దీపావళికి మతాబు కూడా కాల్చనండీ!" అని మొత్తుకున్నా వినకుండా టెక్నికల్ అడ్వైజర్‌ని చేశాం.

తరువాతి శనివారం కమిటీ తుపాకుల షాపుకి వెళ్లింది. షాపాయన రెండు రైఫిళ్లు చూపించాడు.

"ఈ చిన్నది గోఫర్లకి, అదే, పొలాల్లో బొరియలు తవ్వే ఉడతలకి. ఈ పెద్దది మూస్‌కి, గుర్రమంత దుప్పికి. దీన్ని ఇంట్లో పేల్చారనుకోండి, తూటా గోడ దాటి ఎక్కడికి పోతుందో మీకే తెలీదు."

"పెద్దదే," అన్నారు వీరభద్రరావుగారు. "దొంగ స్థాయి ఏదైనా కానీ, మన స్థాయి తగ్గకూడదు."

"ఎందుకు కావాలి సార్?"

"గృహరక్షణకి."

"ఈ దేశంలో అలా చెబితే లైసెన్సు రాదు. వేటకనో, టార్గెట్ ప్రాక్టీసుకనో చెప్పాలి."

"అయితే వేటకి," అన్నారు, గుడ్డు పడిందేమోనన్న అనుమానంతో సొంత పుట్టినరోజు కేకే ముట్టని మహానుభావుడు.

"లైసెన్సు ఉందా?"

"ప్రాసెస్‌లో ఉంది." అంటే, అప్లై చెయ్యాలనే ఆలోచన అప్పుడే పుట్టిందన్నమాట.

"అది వచ్చేదాకా రైఫిల్ అమ్మలేను. మిగతావేమైనా కావాలంటే తీసుకోండి."

తీసుకున్నాం. అరమైలు అవతలి జింక కనురెప్పలు కూడా చూపించే స్కోపు, తోలు పట్టీ, టార్చి, నూనె, బ్రష్షులు, ట్రిగ్గర్‌కి తాళం, నలుగురు మోసినా కదలని ఉక్కు బీరువా. వీరభద్రరావుగారు ఆకుల రంగు జాకెట్ కూడా వేసుకున్నారు. ఆ మంచు పొలాల్లో ఆయనొక్కరే పచ్చగా కనిపించారు.

లైసెన్సు అప్లికేషన్ మీద భార్య సంతకం కూడా ఉండాలట. వైదేహిగారు కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట. తుపాకీ లేదు గానీ దానికి బీరువా వచ్చింది! ఎలకని చూసి సోఫా ఎక్కే మనిషికి తుపాకీ ఇమ్మని నేను సంతకం పెట్టాలా? చస్తే పెట్టను."

"డాడ్, యూ ఫెయింటెడ్ ఎట్ ద ఫ్లూ షాట్," అంది కూతురు రాధిక, ఫ్లూ సూదికే ఆయన మూర్ఛపోయిన సంగతి గుర్తుచేస్తూ.

మామూలు మనిషైతే అక్కడితో ఆగిపోయేవాడు. వీరభద్రరావుగారు ప్రెస్ నోట్ ఇచ్చారు. "గృహరక్షణ పథకం మొదటి దశ దిగ్విజయం. తుపాకీ మినహా అన్ని ఏర్పాట్లూ పూర్తి." ఖాళీ బీరువాకి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, రిబ్బను కత్తిరించారు. స్కోపుని కెమెరా స్టాండుకి బిగించి మేడమీద కిటికీలో నిలబెట్టారు. మా ప్రాంతం చాపలా చదునుగా ఉంటుంది. అరమైలు దూరంలోని రూపవతిగారి ఇల్లు అరచేతిలో ఉన్నట్టు కనిపించింది. ఆరేసిన దుప్పటి మీది పువ్వులు కూడా కనిపిస్తుంటే, కమిటీ వరసలో నిలబడి చూసి చప్పట్లు కొట్టింది.

రెండో దశ సమీక్షకి ఆ మేడమీదే ఒక మధ్యాహ్నం కూర్చున్నాం. ఫోన్ మోగింది. కౌన్సిలర్‌గారు స్పీకర్ ఆన్ చేశారు.

"వీరభద్రరావుగారూ, నేను రూపవతిని. షెడ్డులో మనుషులున్నారండీ. బాత్‌రూంలో గడియ పెట్టుకున్నాను."

ఆయన ఒక్క అంగలో స్కోపు దగ్గరికి చేరారు. "కంగారు పడకండి, చూస్తున్నాను. ముగ్గురు. ఒకడికి ఎర్ర టోపీ. అబ్బ, ఏం క్లారిటీ!"

"పోలీసులకి చెప్పాను, టైం పడుతుందన్నారు. మీరు రండి బాబూ. కారేసుకొచ్చి హారన్ కొడితే చాలు, పారిపోతారు."

"హారన్ మన పాలసీలో లేదండీ. రైఫిల్ రాగానే..."

"ఇంటి తలుపు కొడుతున్నారండీ!"

"అవును, కొడుతున్నారు," అని ధ్రువీకరించారు. "ఎడమచేత్తో. రాసుకోవయ్యా, ఎడమచేత్తో."

నేను రాసుకున్నాను. మేడ కింద వాకిట్లో మా నాలుగు కార్లు నిలబడి ఉన్నాయి.

తలుపు గట్టిది, విరగలేదు. దొంగలు విసుగొచ్చి వెళ్లిపోయారు. పోతూ పోతూ షెడ్డులో ఉన్న ఆమె భర్త పనిముట్ల పెట్టె ట్రక్కులో వేసుకుపోయారు. ఆయన ఆ ఇల్లు కట్టిన పనిముట్లు. పోలీసులు యాభై నిమిషాలకి వచ్చారు. వీరభద్రరావుగారు ఇచ్చినంత వివరమైన సాక్ష్యం తమ సర్వీసులోనే చూడలేదన్నారు. ఆ మాటని ఆయన ఫ్రేము కట్టించారు.

నెల తిరక్కుండా రూపవతిగారి ఇల్లు అమ్ముడైంది. సామాను ఎక్కించే రోజున వెళ్లాను. ఆవిడ గుమ్మాన్ని చేత్తో తడుముతూ నిలబడ్డారు.

"బాబూ, ఆవేళ నిజంగా అంతా కనబడిందా మీకు?"

"చాలా స్పష్టంగా కనబడిందండీ."

ఆవిడ తలూపి కారెక్కారు.

వార్షిక సమావేశంలో వీరభద్రరావుగారు నివేదిక చదివారు. ఈసారి మైకు పనిచేసింది. "పథకం ఫలితాలు మీ ముందున్నాయి. రూపవతిగారి నుంచి గత మూడు నెలల్లో ఒక్క ఫిర్యాదు కూడా లేదు!" చప్పట్లు మోగాయి. పథకాన్ని విస్తరించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. స్కోపుని రెండో కిటికీకి మారుస్తారట. ఆ కిటికీలోంచి కనిపించేది మా ఇల్లు.

నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చి మా ఆవిడకి ఈ శుభవార్త చెప్పాను. ఆవిడ బేస్‌మెంట్‌లోకి దిగి, ఖాళీ అట్టపెట్టెలు పైకి తెచ్చింది.